కొమరోలు కార్బన్ ఫైబర్

మా మేనల్లుడు పాత స్విఫ్ట్ ఒకటి కొన్నాడు. వారం తిరక్కుండానే దానికి రేసుకారు యోగం పట్టింది. ముందు బంపరు కింద గడ్డంలా ముందుకు పొడుచుకొచ్చే పలక ఒకటి బిగించాలట. దాన్ని స్ప్లిట్టర్ అంటారట. అదీ కార్బన్ ఫైబర్‌దే కావాలట. ఎప్పటికైనా చెన్నై పక్కన ఇరుంగట్టుకోటై ట్రాక్ మీద తిప్పుతాడట. ఆలూ లేదు, చూలూ లేదు. ఈ కొడుక్కి మాత్రం సోమలింగం అని కాక కార్బన్ ఫైబర్ అని పేరు పెట్టారు.

"ప్లైవుడ్ చాలదంట్రా?" అన్నాను.

"తలుపులకు కొట్టే చెక్క మామా అది! పరువు పోతాది."

1994లో ఫార్ములా వన్ వాళ్లు, కార్లు మరీ నేలకు ఆనకుండా, పొట్ట కింద చెక్కపలక తప్పనిసరి చేశారు. ఆ ఏడాది బెల్జియంలో మొదట వచ్చిన షుమాకర్, ఆ చెక్క హద్దు మించి అరిగిందని గెలుపు పోగొట్టుకున్నాడు. చెక్క ఉన్నందుకు కాదు, తగ్గినందుకు పోయింది ఆయన పరువు.

మావాడు కార్బన్ ఫైబర్ ధర విన్నాడు. విన్నాక బోర్డులు రాసే షాపుకెళ్లి ఏసీపీ షీటు తెచ్చాడు. రెండు పల్చటి అల్యూమినియం రేకులు, మధ్యలో ప్లాస్టిక్. షాపు పేరు రాయడానికి లక్షణంగా ఉంటుంది. అంచు పట్టుకుంటే విసనకర్రలా ఊగుతుంది. దాని మీద నల్లగళ్ల స్టిక్కర్ అంటించాడు. కార్బన్ ఫైబర్ సిద్ధం!

వంగనిదే కావాలంటే పక్కనే మార్కాపురం పలకరాయి ఉంది. చచ్చినా వంగదు, చేయిజారితే మాత్రం రెండు ముక్కలు. అందుకే దానికి చెక్క చట్రం కట్టేవాళ్లు. వంగకపోవడం వేరు, విరగకపోవడం వేరని ఒకటో తరగతిలో పలక పగలగొట్టి, వీపు వాయించుకుని నేర్చుకున్న ఊళ్లు ఇవి. 12 మి.మీ. ప్లైవుడ్‌కు అంచుల్లో నీరు దిగకుండా వార్నిష్ పూస్తే ఆ రెండు గుణాలూ చాలావరకు దొరుకుతాయి. కాకపోతే తలుపులా ఉంటుంది.

కారు మూతికి తగిలి ఆగిన గాలి పలకను పైనుంచి నొక్కుతుంది. కింద వేగంగా పారే గాలి ఒత్తిడి తగ్గిస్తుంది. ఆ తేడాయే ముందు చక్రాలను రోడ్డుకు అదుముతుంది. 120 వేగంలో ఉండే ఆ బలం 40కి వచ్చేసరికి తొమ్మిదో వంతు. మా కొమరోలు బజారులో, ఆటో వెనక, గేదె వెనక, ఆ 40 కూడా దేవుడిచ్చిన వరమే. మావాడి పలకకు ఇక్కడ తగిలే అసలు బలం స్పీడ్ బ్రేకర్‌ది, అదీ కిందినుంచి.

సరే, దేనికి బిగించావురా అంటే, బంపరుకట. బంపరంటే క్లిప్పుల మీద వేలాడే ప్లాస్టిక్ తొడుగు. నిజంగా గాలి నొక్కిందంటే పలకతోపాటు బంపరూ ఊడి చేతికొస్తుంది. బరువు ఛాసిస్ మోయాలి. బ్రాకెట్లు అక్కడికి పోవాలి, ముందంచును పైకి లాగిపట్టే కడ్డీలు కావాలి. పదిరోజులు షీట్ల గురించే వాదించిన మిత్రబృందంలో ఈ ముక్క ఒక్కరి నోటా రాలేదు.

ట్రాక్ వాళ్లకో మోటు పరీక్ష ఉంది. బిగించాక ఆ పలక అంచు మీద మనిషి నిలబడతాడు. ఒకసారి ఎక్కి చూపించరా అన్నాను.

మావాడు అదిరిపడ్డాడు.

"స్టిక్కర్ చెడిపోతాది మామా!"