అమరవీరుల స్మారకం: నిర్మాణం, ఆవిష్కరణ, నిర్వహణ

సరిహద్దులో ప్రాణాలిచ్చిన ఊరి బిడ్డ పేరు చిరస్థాయిగా నిలవాలని, దాన్ని ఆవిష్కరించడానికి వచ్చిన పెద్దల పేర్లు చెక్కించే రాతికట్టడాన్ని అమరవీరుల స్మారకం అంటారు. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో వీరులకు రాయి నిలిపే ఆచారం వెయ్యేళ్లకు పైబడినది. అందులో పాతకాలపు రాళ్లను వీరగల్లులంటారు. కొత్తవాటిని ముఖ్య అతిథి పేరుతో గుర్తుపట్టాలి.

వీరగల్లులు మదనపల్లె, పుంగనూరు వైపు పొలాల్లో, గుళ్ల దగ్గర నేటికీ కనిపిస్తాయి. 9వ శతాబ్దంలో బాణులు, వైదుంబులు, నొలంబులు అనే రాజవంశాలవారు ఈ నేల కోసం కొట్టుకున్నారు. వైదుంబ రాజు గండత్రినేత్రుడి కాలం నాటి సోరెమడి యుద్ధం ఒక్కటే పలు శాసనాలకెక్కింది. పశువుల మందను కాపాడబోయి చనిపోయినవారికి కూడా రాళ్లు నిలిపారు. వీరగల్లు మీద సాధారణంగా కత్తి పట్టిన మనిషి బొమ్మ, దానితో పాటు కొన్ని పంక్తుల రాత ఉంటాయి. ఏ రాజు ఏలుతుండగా, ఏ పోరులో, ఎవరు పడ్డారన్నదే ఆ రాత. అందులో రాజు పేరు కాలం తెలియడానికి వస్తుంది. రాజుగారి బావమరిది పేరు, రాయి చెక్కించిన గుత్తేదారు పేరు, సభకు అధ్యక్షత వహించిన సామంతుడి పేరు వెతికినా దొరకవు. ప్రోటోకాల్ విషయంలో ప్రాచీనులు బాగా వెనుకబడి ఉన్నారు.

వీరుడి ఇంటివాళ్లకు మాన్యంగా ఇచ్చిన భూమి సంగతి కూడా కొన్ని రాళ్ల మీదే రాసేవారు. ఆ మాన్యం చెరిపినవాడికి వారణాసిలో గోవుల్ని చంపిన పాపం అంటుకుంటుందనేది నాటి శాసనాల్లో మామూలుగా కనిపించే శాపం. ఇచ్చిన హామీకి పూచీ రాయే. ఇప్పటి స్మారకాల మీద ఇలాంటి శాపం చెక్కించడానికి ఏ కమిటీ కూడా సాహసించదు.

ఇక ఆధునిక స్మారకం. దీనికి మొదట కావలసింది స్థలం. నాలుగురోడ్ల కూడలిని మించినది లేదని పెద్దల అభిప్రాయం. ప్రజలు రాకపోకలు సాగించే రోడ్ల మీద, పేవ్‌మెంట్ల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరిలో రాష్ట్రాలను ఆదేశించింది. కోర్టులు ఢిల్లీలో ఉంటాయి, కూడళ్లు ఇక్కడ ఉంటాయి.

రెండో అంగం శిలాఫలకం. స్మారకానికి ప్రాణమంతా ఇందులోనే ఉంది. రాయికి కొదవ లేదు. కుప్పం గ్రానైట్‌కు విదేశాల్లో కూడా గిరాకీ ఉంది. నున్నగా మెరిసే పలక మీద బంగారు రంగు అక్షరాలతో మొదట ముఖ్య అతిథి, తర్వాత అధ్యక్షులు, విశిష్ట అతిథులు, గౌరవ అతిథులు, ఆత్మీయ అతిథులు, కమిటీ సభ్యులు, చివర దాత. ఒకరి పేరు ఒక వరుస కిందికి జారితే ఆవిష్కరణే వాయిదా పడుతుంది. అమరుడి పేరు పైన శీర్షికలో ఒక్కసారి వస్తుంది. పాపం, ఆయన అలిగే స్థితిలో లేడు.

మూడోది ఆవిష్కరణ. ఊరంతా ఫ్లెక్సీలు వెలుస్తాయి. వాటిలో నాయకులు నిలువెత్తున నమస్కరిస్తుంటే, సైనికుడు మూలన పాస్‌పోర్టు ఫొటో అంత చోటులో సర్దుకుంటాడు. వేదిక మీద ఆయన తల్లికి శాలువా కప్పుతారు. కెమెరా సరిగ్గా పట్టలేదంటే అదే శాలువా మళ్లీ కప్పుతారు. వక్తలందరూ త్యాగం గురించి గంటలకొద్దీ మాట్లాడాక, సమయాభావం వల్ల తండ్రిగారు రెండు ముక్కల్లో ముగించాలని మైకులో మనవి చేస్తారు.

నాలుగోది నిర్వహణ. జనవరి 26, ఆగస్టు 15 తేదీల్లో విగ్రహానికి స్నానం, దండ. ఓపిక ఉంటే జులై 26న కార్గిల్ విజయ దివస్. మిగతా రోజుల్లో గేటుకు తాళం, గ్రిల్లుకు కోచింగ్ సెంటర్ బ్యానరు. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు మాత్రం నాయకుల పేర్లున్న ఫలకాలకు ముసుగు కప్పుతారు. స్మారకం స్మారకంలా కనిపించేది ఆ కొద్ది వారాలే.

వేరే పద్ధతులూ ఉన్నాయి. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో 25 వేలకు పైగా అమరుల పేర్లు గ్రానైట్ ఇటుకల మీద ఉన్నాయి, ఒక్కో ఇటుక మీద ఒక్కో సైనికుడి పేరు. చెన్నై నందంబాక్కంలోని యుద్ధ శ్మశానాన్ని చూసుకునే కామన్వెల్త్ సంస్థ 1917లో పుట్టింది. హోదా ఏదైనా అందరికీ సమాన గౌరవం అన్నది దాని నియమం.

ఉమ్మడి చిత్తూరు జిల్లాకు సైన్యంలో బిడ్డలను కోల్పోవడం కొత్త కాదు. ఐరాల మండలం రెడ్డివారిపల్లెకు చెందిన హవల్దార్ ప్రవీణ్ కుమార్ రెడ్డి 2020 నవంబరులో కశ్మీరులోని మాచిల్ సెక్టార్‌లో చొరబాటుదారులతో పోరాడుతూ నేలకొరిగాడు. కురబలకోట మండలం ఎగువరేగడకు చెందిన లాన్స్ నాయక్ సాయితేజ 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్‌తో పాటు హెలికాప్టర్ ప్రమాదంలో మరణించాడు. ఇద్దరి కుటుంబాలకూ రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షల రూపాయల చొప్పున ప్రకటించింది. పేరు, ఊరు, పడిన చోటు, తేదీ, ఇంటివారికి ఇచ్చినది. వీరగల్లు చెప్పేది దాదాపు ఇంతే, ఏ స్మారకమైనా చెప్పాల్సింది ఇంతే.

కాబట్టి అమరుల స్మారకం మీద చనిపోయినవారి పేర్లు తప్ప ఇంకెవరివీ చెక్కకూడదు. ఆవిష్కరించినవారి పేరు మున్సిపల్ ఆఫీసు రిజిస్టరులో రాసుకుంటే చాలు.