మచ్చు బాబాయ్

గుంటూరు చుట్టుపక్కల పికిల్‌బాల్ కోర్టు వెలసిన ప్రతిచోటా ఒక మచ్చు బాబాయ్ తేలుతున్నాడు. యాభై దాటిన వయసు, మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం, కాళ్లకు కొడుకు అమెరికా నుంచి పంపిన బూట్లు. ఆట ఎట్లా సాగినా సర్దుకుంటాడు. సరుకు దగ్గర మాత్రం దేవుడొచ్చినా బేరమే.

బంతుల డబ్బా విప్పితే ముందు ఆయన చేతికివ్వాలి. మిర్చి టిక్కీలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, కాయ లాగి, తొడిమ విరిచి, గింజ గలగల విని ధర చెప్పిన చెయ్యి అది. పైనున్న బంతిని నమ్మదు. “పైన తేజ పరిచి అడుగున తాలు పోసినోళ్లను ఎంతమందిని చూళ్లా!” అంటూ అడుగు బంతి లాగుతాడు. బొటనవేలితో చుట్టూ నొక్కి మెత్తన ఎక్కడుందో పట్టుకుంటాడు. రెండు చిప్పలు అతికిన చోట గోటితో గీస్తాడు. వెలుతురుకెత్తి, బెజ్జానికీ బెజ్జానికీ మధ్య సన్న చీలిక ఉందేమో వెతుకుతాడు. ఇక బెజ్జాల లెక్క. ఆరుబయట ఆడే బంతికి సాధారణంగా 40 సన్నవి, లోపల ఆడేదానికి 26 పెద్దవి. డబ్బా మీద రాసే ఉంటుంది, కానీ రాసింది నమ్మేవాడైతే యార్డులో ఇన్నేళ్లు నిలిచేవాడా? ముప్ఫై దాటాక ఎక్కడ మొదలెట్టాడో మర్చిపోయి మళ్లీ ఒకటి నుంచి ఎత్తుకుంటాడు. జేబులోంచి బంగారం తూచే చిన్న కాటా తీస్తాడు. 22.1 గ్రాములకు తగ్గకూడదు, 26.5 దాటకూడదు.

ఆయన తరం పల్లెటూరి హైస్కూల్లో పసుపుపచ్చ ఊలుబంతితో బాల్ బ్యాడ్మింటన్ ఆడింది. తడిస్తే ఎండలో పడేసి, ఆరాక అదే బంతితో ఆడారు. అప్పుడీ కాటా ఏమైందో అడిగితే వినపడనట్టే ఉంటాడు.

అసలు తిరునాళ్ల ఎగురుడు పరీక్ష దగ్గర. అమెరికా నిబంధన ప్రకారం బంతిని 78 అంగుళాల ఎత్తు నుంచి గ్రానైట్ పలక మీద వదిలితే 30 నుంచి 34 అంగుళాలు లేవాలి. గ్రానైట్ అన్న మాట చెవినపడ్డాక బాబాయ్ ఆగుతాడా? వంటింటి గట్టుకు కోయగా మిగిలిన చీమకుర్తి గెలాక్సీ ముక్క మర్నాడే స్కూటరెక్కి వచ్చింది. బంతి వదలడానికి ఆయన కుర్చీ ఎక్కుతాడు. కుర్చీ పట్టుకోవడానికి ఒకడు, టేపు పట్టడానికి ఒకడు. నలుగురి ఆటలో ముగ్గురు అక్కడే ఖర్చయిపోయారు.

ఇంతా చేస్తే నిబంధనలో ఒక మెలిక ఉంది. ఆ పరీక్ష 24, 27 డిగ్రీల మధ్య చెయ్యాలట. యార్డుకు వేసవి సెలవులిచ్చి బాబాయ్‌కి పూర్తి తీరిక దొరికేది మే నెలలో. అప్పుడు మన ఊళ్లో ఆ చల్లదనం ఏసీ గదిలో తప్ప ఎక్కడిది? ఎండకు ప్లాస్టిక్ మెత్తబడి బంతి తీరే మారిపోతుంది. బాబాయ్‌కి చిటికెలో ఉపాయం తట్టింది. “కాయ రంగు పోకుండా కోల్డ్ స్టోరేజీలో పెట్టట్లా?” అని డబ్బా తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెరుగుగిన్నె పక్కన పెట్టాడు. పిన్ని ఏమందో మనకనవసరం. చలికి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. మర్నాడు కుర్రాడొకడు లాగి కొట్టగానే బంతి టప్పున విచ్చుకుంది. బాబాయ్ చిప్పలేరుకుని, “నే చెప్పలా? తాలు!” అన్నాడు.

1965లో బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో జోయెల్ ప్రిచర్డ్, ఆయన మిత్రులు చేతికందిన బెజ్జాల ప్లాస్టిక్ బంతితో ఈ ఆట మొదలెట్టారు. ఆ రోజు పక్కింట్లో మన బాబాయ్ లేకపోవడం ఆట అదృష్టం.

అలాగని ఆయన్ని తీసిపారెయ్యలేం. చీలిక బంతి వంకరగా పోతుందన్నది నిజం. గాలికి 26 బెజ్జాల బంతి నిలవదన్నదీ నిజమే. మా కోర్టుకు పైన రేకులున్నాయి, పక్కన గోడల్లేవు. “కప్పును బట్టి ఇండోరు, గాలిని బట్టి అవుట్‌డోరు” అని తీర్పు చెప్పి, రెండు రకాలూ మాచేత కొనిపించాడు.

చివరికి ఆట మొదలైంది. బాబాయ్ 11–3తో ఓడాడు. బంతి నొక్కి చూసి, కుర్రాళ్లను దగ్గరకు పిలిచాడు.

“ఇది నెమ్ము సరుకురా అబ్బాయ్. మీ పదకొండులో రెండు తరుగు తీసేస్తే తొమ్మిది. ఖాయం చేసుకోండి, మళ్లీ ఆడదాం.”

“బాబాయ్, మరి మీ మూడులో?”

“నాది పొడి సరుకు.”