‘చెట్టడ్డం సార్’: టీకా, తాత్పర్యం

మూలం:
“చెట్టడ్డం సార్. మైనస్ 78. పెద్ద డిష్ పెట్టాలి.”

అవతారిక: ఊళ్ళో ఆఫీసు మేడ నుంచి 3 కిలోమీటర్ల అవతలి రైసుమిల్లుకు నెట్ లింకు బిగించిన కుర్రవాడు చైత్రమాసమున పైపు కొసకెక్కి, ఒంటిచేత్తో వాట్సాప్‌లో పలికిన వాక్యమిది.

టీక:
చెట్టు = వేపచెట్టు. అడ్డం = అడ్డము. ఇచట పూర్వపక్షం: మేడ మీద నిలబడితే మిల్లు గొట్టం చక్కగా కనబడుతోంది, కొమ్మలన్నీ చూపుకు కిందే ఉన్నాయి, ఇక అడ్డమెట్లగును? సమాధానం: కంటిచూపు దారం, రేడియో దారి దోసకాయ. రెండు కొసలా సన్నం, నడుమ లావు. ఫ్రెనెల్ మండలమని దాని పేరు. ఇంత దూరానికి, 5.8 గిగాహెర్ట్జ్‌లో, నడిమధ్య దాని వ్యాసార్థం సుమారు 6 మీటర్లు. అందులో 60 శాతమైనా, అనగా చూపురేఖకు చుట్టూ 3.7 మీటర్లు, ఖాళీగా ఉండాలి. మా వేప సరిగ్గా ఆ పొట్టలో తల దూర్చింది.

సర్వేనాడు ఇది తెలియలేదా? సర్వే మాఘం చివర జరిగింది. ఆకు రాల్చిన వేపలో సందులెక్కువ. అందరూ ఉగాది పచ్చడికి పూత కోసుకునే వేళకు చెట్టు నిండా లేతాకు. ఆకులో నీరుంటుంది, నీరు తరంగాన్ని తాగుతుంది. చెట్టు చూడాలంటే శ్రావణంలో రావలెనని నా మతం.

మైనస్ 78 = అవతల చెవిన పడిన బలం, డీబీఎంలలో. లెక్క ప్రకారం మైనస్ 55 రావాలి. తేడా 23, అంటే అందవలసినదాంట్లో 200వ వంతే అందింది. 55 కన్నా 78 పెద్దది కదా అని మిల్లు యజమాని సంతోషించాడు.

పెద్ద డిష్ = 30 సెంటీమీటర్ల దాని స్థానే 60ది. రేడియో పవర్ పెంచితే చాలదా అను వ్యాఖ్యాతలు కలరు. పవర్ గొంతుకే, డిష్ గొంతుకూ చెవికీ కూడా. పైగా లైసెన్సు అక్కరలేని ఈ పట్టీలో ఊరంతా అరుస్తోంది. పెద్ద డిష్ ఆ పక్కవాళ్ళ గోల తక్కువ వింటుంది.

పెట్టాలి = కొనాలి. కర్త లోపించెను. ఎవరో ఊహ్యం.

అలంకారం: 60 సెంటీమీటర్ల డిష్ ముఖ్యకిరణం వెడల్పు దాదాపు 6 డిగ్రీలు. దానికి అటూ ఇటూ సైడ్ లోబులనే చిన్న కిరణాలుంటాయి. డిష్ తిప్పుతుండగా వాటిలో ఒకటి తగిలి అంకె కాస్త మెరుగవగానే తొందరపాటువాడు నట్టు బిగిస్తాడు. నాయిక కడగంటి చూపును పెళ్ళికి ఒప్పుకోలుగా లెక్కించడమిది. కుడికొసనుంచి ఎడమకొసదాకా తిప్పి, అన్నిటికన్నా బలమైన నడిమి శిఖరం దగ్గరే ఆగాలి.

తాత్పర్యం: రెండు కొసలా డిష్ వ్యాసం రెట్టిస్తే కలిసొచ్చేది 12 డీబీలు, వేప తిన్నవి 23. గాలి తోపు మాత్రం నాలుగింతలు, పైపు పాతదే. కాబట్టి మొదటి రెండు వాక్యాలు ప్రమాణం, మూడవది ప్రక్షిప్తం. మేము డిష్ కొనలేదు. రెండు కొసలా ఒక్కో 20 అడుగుల జీఐ పైపు అతికించి, మూడేసి స్టే వైర్లు లాగించాం.

ఉత్తరమూలం: “మైనస్ 57 సార్.” దాని వెంటే పైపుల బిల్లు వచ్చింది. మిల్లు గుమాస్తా దానికి ప్రతిపదార్థం అడుగుతున్నాడు.