దేవుడు అద్దెకివ్వడట!

"గుడి స్థలాల్లో పేదలకు అద్దె ఇళ్లు కడితే ఏం?" అని రాజమండ్రిలో ఒకసారి అడిగి చూడండి. కార్తీక సోమవారం నాడైనా గుడి మెట్లెక్కని పెద్దమనిషి కూడా చటుక్కున చెప్పులు విప్పేస్తాడు. "దేవుడి భూమండీ! ముట్టుకుంటే వంశం నిలవదు" అంటాడు. ఆయన భక్తికి దణ్ణం పెట్టాల్సిందే. చిన్న సందేహం మాత్రం తీర్చాలి. ఆ భూమిని ఇప్పటిదాకా ఎవరూ ముట్టుకోనేలేదాండీ?

గోదావరి జిల్లాల్లో దేవుడు ఏనాటినుంచో అద్దెకిచ్చే ఆసామే. మాన్యాలు కౌలుకిస్తాడు, కొట్లు లీజుకిస్తాడు. ఎంత మంచివాడంటే, తాత తీసుకున్న కొట్టుకు మనవడు తాతల నాటి అద్దే కడుతున్నా గట్టిగా అడగడు. మనవడు అదే కొట్టును మరొకరికి బజారు రేటుకిచ్చి, తేడా జేబులో వేసుకుని, శ్రీరామనవమి చందా పుస్తకంలో మొదటి పేరు తనదే రాయించుకుంటాడు. ఇందులో అపచారం లేదు. కడియం నర్సరీల్లో కూలికెళ్లే మనిషో, తాడితోట బట్టల కొట్లో గుమాస్తానో నెలనెలా అద్దె కట్టి గుడి స్థలంలో కాపురముంటే మాత్రం సంప్రోక్షణ చేయించాలి!

కాగితం మీద దేవుడికి రక్షణ తక్కువేం కాదు. 1987 నాటి దేవాదాయ చట్టం ప్రకారం ఆయన భూమి అమ్మాలంటే ముందు అనుమతి కావాలి, బహిరంగ వేలం వెయ్యాలి. ఆక్రమిస్తే ఖాళీ చేయించడానికి వేరే సెక్షన్లున్నాయి. అయినా అమరావతి సదావర్తి సత్రానికి చెన్నై దగ్గరున్న 83 ఎకరాలు 2016 వేలంలో 22 కోట్ల చిల్లరకు పోయాయి. హైకోర్టు కలగజేసుకుని 2017లో మళ్లీ పాట పెట్టిస్తే అది 60 కోట్లు దాటింది. దాదాపు 38 కోట్ల తేడా! అప్పుడు ఎవరి వంశానికీ భయం పట్టుకోలేదు.

ఇంకోపక్క దీపంలో నూనెకు దిక్కులేని గుళ్లు. వాటికి ధూపదీప నైవేద్యాల కోసం ప్రభుత్వమే నెలనెలా డబ్బిస్తోంది. 2024లో దాన్ని 5 వేల నుంచి 10 వేలకు పెంచారు. అంటే దేవుణ్ణి కూడా పింఛనుదారుల్లో చేర్చామన్నమాట.

"పేదల కాపురాలొస్తే పవిత్రత ఏమైపోవాలి?" అంటారు. మరి దాతలు సత్రాలకు భూములు రాసిచ్చింది ఎందుకు? ఊరూపేరూ తెలియని బాటసారి తిని పడుకోవడానికే కదా. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టింది ఈ నేల మీదే. కందుకూరి వీరేశలింగంగారు 1906లో హితకారిణి సమాజం పెట్టి తన ఆస్తంతా దానికి రాసిచ్చింది ఈ రాజమండ్రిలోనే. దిక్కులేని వితంతువులకు గూడు కల్పించడమూ ఆయన లెక్కలో దైవకార్యమే. వాళ్లకు తట్టని మైల మనకు తట్టింది.

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. ఆ పన్నెండు రోజులూ లక్షలాది మంది ఎక్కడ పడుకోవాలో, ఎక్కడ వండుకోవాలో అధికారులు జాగ్రత్తగా లెక్కలేస్తారు. ఊరిని రోజూ ఊడ్చే మనిషి మిగతా పన్నెండేళ్లూ ఎక్కడ పడుకోవాలో ఏ లెక్కలోనూ ఉండదు. 2020లో ఇళ్ల స్థలాలకని బూరుగుపూడి ఆవ భూములు వెతికారు. వానొస్తే మునిగే నేల. వ్యవహారం కోర్టుకెక్కింది. పేదవాడి వాటాకు ఊరవతల నీళ్లలో నేలే వస్తుంది గానీ ఊళ్లో మెరక రాదు.

"అద్దెకొచ్చినవాళ్లు ఖాళీ చెయ్యరండీ" అనేది చివరి అస్త్రం. భయం నిజమే, కానీ మనిషిని తప్పుగా పోల్చుకున్నారు. ఏళ్ల తరబడి ఖాళీ చెయ్యనిది పలుకుబడి ఉన్నవాడు. అద్దె ఇల్లు పట్టా కాదు. భూమి స్వామి పేరునే ఉంటుంది, అద్దె స్వామి ఖాతాలోనే పడుతుంది. దరిద్రుణ్ణి ఆదుకోవడం కూడా ధర్మకార్యమేనని దేవాదాయ చట్టమే అంటోంది. సొంత ఖాళీ స్థలంలో ఇళ్లు కట్టి 25 ఏళ్లు అద్దెకు నడిపే సంస్థల కోసం కేంద్రం 2020లోనే పథకం తెచ్చింది. కాలిఫోర్నియా 2023లో ఏకంగా చట్టమే చేసి, చర్చిలు తమ స్థలాల్లో చవక ఇళ్లు కట్టుకునేందుకు దారి సులువు చేసింది. మన మిషన్ కాంపౌండ్లకూ వక్ఫ్ స్థలాలకూ ఈ మాటే వర్తిస్తుంది. స్థలం పెద్దదై, అద్దె చిన్నదై, లాభం మూడోవాడిదైన చోట అన్ని మతాలూ ఒక్కటే.

కాబట్టి దేవాదాయ శాఖవారికి ఒక మనవి. ఇళ్లు తర్వాత కడుదురుగాని, ముందు ప్రతి గుడి గోడకూ ఒక బోర్డు పెట్టండి: స్వామివారి స్థలాలెన్ని, ఎవరి చేతిలో ఉన్నాయి, అద్దె ఎంత, బకాయి ఎంత. అది చదివాక కూడా పేదవాడి కాపురమే అపచారమని ఎవరికైనా తోస్తే, వారి పేరు ఆ బోర్డు మీదే ఉందేమో ఒకసారి వెతకండి.