సెట్టయిపోద్దండి!

విజయవాడ ఆటోనగర్‌లో ఏ టీ బంకు దగ్గర చూసినా ఈయన ఒకడు ఉంటాడు. మెకానిక్కు కాదు. షెడ్డు లేదు, చేతికి గ్రీజు అంటదు. ఇస్త్రీ చొక్కా జేబులో ఒక టెస్టరు మాత్రం ఉంటుంది. గాల్లో బొమ్మలు గీసి చూపించడానికి తప్ప ఆయన దాన్ని ఇంకో పనికి వాడగా ఎవరూ చూడలేదు. ఇంజన్ బోరుకొచ్చి, ఎస్టిమేటు కాగితం చేత్తో పట్టుకుని దిగాలుగా నిలబడ్డ బండి ఓనరును ఆమడ దూరం నుంచే పసిగడతాడు. "ఆ డబ్బులతో ఇంకో ఇంజనే వస్తుంది కదా బాబుగారూ! పాతది దించేసి, ఇంకోటి ఎక్కించేద్దాం." వేరే బండి ఇంజన్ దీనికి సరిపోతుందా అని ఓనరు నసిగితే టీ గ్లాసు బల్ల మీద పెట్టేసి అంటాడు: "సెట్టయిపోద్దండి."

ఆ ధీమా ఊరికే వచ్చింది కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. పెట్రోలు అంబాసిడర్లలోకి మెటడోర్ డీజిల్ ఇంజన్లు ఎక్కిన రోజుల్లో పెరిగిన మనిషి. అప్పటి డీజిల్ ఇంజన్‌కి ఏం కావాలి? స్టార్టరుకో వైరు, డైనమోకో వైరు, ఆపడానికి లాగే కేబులు ఒకటి. మౌంటింగులు కోసి వెల్డింగు కొట్టి, గేర్‌బాక్సుకు మధ్యలో ఒక ప్లేటు తిప్పించుకుంటే బండి పొగ చిమ్ముకుంటూ హనుమాన్ జంక్షన్ దాకా వెళ్లి వచ్చేది. డాష్‌బోర్డు వెనకనుంచి అభ్యంతరం చెప్పేవాడు లేడు. ఉన్న ఆ కాసిని వైర్లూ ఎలకలు కొరికినా బండి నడిచేది.

ఇప్పుడు ఆయన బలమంతా వంశావళి. ఫియట్ వాళ్ల 1248 సీసీ డీజిల్ ఇంజన్ గురించి ఎత్తితే చాలు, కళ్లు అరమోడ్పులవుతాయి. "స్విఫ్ట్‌లో అదే, విస్టాలో అదే, పుంటోలో అదే, ఎర్టిగాలో అదే. మూడు కంపెనీలకీ ఒకటే ఇంజనండీ. ఇక సెట్టవకపోవడమేంటి?" చెప్పింది అబద్ధం కాదు. దాన్ని జాతీయ ఇంజన్ అని జనం ముద్దుగా పిలుచుకున్న మాటా నిజమే. కాకపోతే స్విఫ్ట్‌లో ఉన్నది 75 గుర్రాలది, ఎర్టిగాలో ఉన్నది 90 గుర్రాలది. ఆ 15 గుర్రాలు ఎక్కడివంటే, ప్రధానంగా టర్బోవి. ఎర్టిగా టర్బోలో ఇంజన్ వేగాన్ని బట్టి తెరుచుకుని మూసుకునే రెక్కలుంటాయి. వాటిని ఎప్పుడు ఎంత తిప్పాలో ఈసీఎం అనే అరచేతి పెట్టె చెబుతుంది. స్విఫ్ట్ పెట్టెకి అలాంటి రెక్కలు లోకంలో ఉన్నాయనే తెలియదు. ఈ సంగతి ఆయనకు చెబితే నవ్వుతాడు. "రెక్కల పని అవే చూసుకుంటాయండీ."

ఓనరు స్విఫ్ట్‌కి ఇంజన్ కొనడానికి స్క్రాపు కొట్టుకు ఆయనే తీసుకెళతాడు. ప్రమాదంలో టోటల్ లాస్ అయిన ఎర్టిగాది. క్రాంక్ పుల్లీ దగ్గర ఉండే పళ్ల చక్రం చూస్తాడు. 60 పళ్లు ఉండాల్సిన చోట 58 పెట్టి, ఆ రెండు పళ్ల ఖాళీని కంపెనీవాడు కావాలనే వదిలాడు. సెన్సారు ఆ ఖాళీని చూసే పిస్టన్ ఎక్కడుందో లెక్క కడుతుంది. మనవాడు అక్కడ వేలు పెట్టి, "ఏమండీ, రెండు పళ్లు విరిగిన ఇంజన్‌కి ఈ రేటు చెబుతున్నారా?" అని గద్దిస్తాడు. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ కొట్టువాడు రేటు తగ్గిస్తాడు.

ఇంజన్ మధ్యాహ్నానికి ఎక్కేస్తుంది. బోల్టులన్నీ బుద్ధిగా కూర్చుంటాయి. ఆయన మీసం దువ్వుకుంటాడు. తాళం తిప్పగానే ఇంజన్ గుర్రుమంటుంది, రెండు సెకన్లకి ఆగిపోతుంది. మళ్లీ తిప్పితే మళ్లీ రెండు సెకన్లే. "గాలి పట్టిందండీ" అని డీజిల్ ఫిల్టరు మీది పంపు కుర్రాళ్ల చేత చేతులు పడిపోయేదాకా కొట్టిస్తాడు. గాలి లేదని తేలాక, "ఎర్త్ లేదండీ." మూడు చోట్ల ఎర్త్ ఇప్పిస్తాడు. ఆ పైన బ్యాటరీ తప్పు, డీజిల్ తప్పు, ఓనరు తాళం తిప్పిన పద్ధతి తప్పు.

చివరికి వైరింగు కుర్రాణ్ని పిలుస్తారు. వాడు నోరు తక్కువ, స్కానరు ఎక్కువ. కనెక్టరు గుచ్చి, తెర చూసి, "ఇమ్మొబిలైజర్ బాబాయ్. తాళాన్ని పెట్టె గుర్తుపట్టట్లేదు" అంటాడు. కొట్టువాడు ఇంజన్‌తో పాటు కొసరుగా ఇచ్చిన ఎర్టిగా పెట్టెని ఈయనే అందులో బిగించాడు మరి. ఆ పెట్టె కరణంగారి లాంటిది. దాని దస్త్రంలో ఉన్న తాళమే తాళం, ఉన్న పెడలే పెడలు. ఇంజెక్టరు మార్చినా చాలా డీజిల్ బండ్లలో దాని మీద చెక్కిన కోడు తీసుకెళ్లి పెట్టెలో రాయించాలి. ఎన్టీఆర్ 1984లో ఊళ్లలో కరణాల్ని తీసేయగలిగాడు గానీ, బానెట్టు కింద వెలిసిన ఈ కొత్త కరణాన్ని తీసేసే వీలు ఎవరికీ లేదు. తీసేస్తే ఇంజెక్టర్లకి ఆజ్ఞ ఇచ్చే నాథుడుండడు.

అక్కణ్నుంచి కొనుగోళ్లు మొదలు. పెట్టెకి జోడు కాబట్టి ఎర్టిగా తాళం, తాళం చుట్టూ ఉండే రింగు. పిన్నులు కలవలేదు కాబట్టి ఇంజన్ వైరింగు కిట్టు. యాక్సిలరేటరు సిగ్నలు తేడా వస్తోందని పెడలు. పెడలు పెట్టాక మీటరులో ఒక ముల్లు లేవడం మానేసింది కాబట్టి మీటరు. ఒక్కో సామాను తెచ్చినప్పుడల్లా "ఇదొక్కటేనండీ" అంటాడు. మొత్తం మీద స్క్రాపు కొట్టులో ఎర్టిగాకి రేకు తప్ప ఏమీ మిగల్లేదు. నన్నడిగితే స్విఫ్ట్‌లోకి ఎర్టిగా ఇంజన్ వచ్చిందనడం కన్నా, ఎర్టిగా మీదికి స్విఫ్ట్ బాడీ వెళ్లిందనడం న్యాయం. ఓనరు నోట్‌బుక్‌లో లెక్క కూడి, మొదట రీబోరుకిచ్చిన ఎస్టిమేటుతో పోల్చి చూసి, ఆ పేజీ చింపేశాడు.

కాగితాల ఊసెత్తితే మాత్రం ఆయనకి చెవుడు వస్తుంది. ఆర్సీలో ఇంజన్ నంబరు ఉంటుందనీ, ఇంజన్ మారిస్తే ఆర్టీఏకి చెప్పి తీరాలనీ, కంపెనీ చెప్పిన వివరాలకి తేడాగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్లోనే ఉందనీ, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసిందనీ చెబితే, "అన్నీ మా బామ్మర్ది చూసుకుంటాడండీ" అంటాడు. ఆయన బామ్మర్దిని కూడా ఎవరూ చూడలేదు.

ఇంత జరిగినా బండి నడిచింది, అదే విచిత్రం. ఏబీఎస్ లైటు ఆరదు, దాని మీద నల్ల టేపు ముక్క అంటించారు. ఎర్టిగా తాళం స్విఫ్ట్ తలుపులకి పట్టదు కాబట్టి, వైరింగు కుర్రాడు ఆ తాళంలోంచి చిప్పు ఊడబీకి, స్టీరింగు కింద రింగు పక్కన టేపుతో అతికించేశాడు. ఇక పెట్టెకి దాని తాళం ఎప్పుడూ కళ్లెదుటే ఉన్నట్టు. పాత స్విఫ్ట్ తాళం నకలు, సైకిలు షాపు పక్కన 100 రూపాయలకి కోయించినదైనా, తిప్పితే చాలు, స్టార్టు. దొంగలు రాకుండా కంపెనీవాడు పెట్టిన ఏర్పాటు అంతటితో సమాప్తం.

ఆరు నెలలకి ఓనరు బండి అమ్మకానికి పెట్టాడు. కొనేవాణ్ని తెచ్చింది ఆయనే, రెండు వైపులా కమీషను ఆయనకే. బానెట్టు ఎత్తి, టెస్టరు గాల్లో తిప్పుతూ కొనేవాడికి చెబుతున్నాడు: "తాళంలో చిప్పు గొడవే లేదండీ. పారేసుకున్నా వందరూపాయలతో పోద్ది. షోరూం బండిలో ఇస్తారా, ఈ సౌకర్యం?"