పిసినారికి కాంచనజంగ

హిమాలయాలను ఫోటో తీయడానికి కళాహృదయం ఉండాలంటారు. నన్నడిగితే పిసినారితనం చాలు. కాకపోతే చేతిలో ఫిల్ము కెమెరా ఉండాలి. రోలుకు 36 ఫోటోలు. రోలు ఖరీదు, కడిగించే ఖర్చు, స్కానింగు అన్నీ కలిపి భాగిస్తే, నొక్కిన ప్రతిసారీ ఒక ప్లేటు ఇడ్లీ ఎగిరిపోతుంది. ఆ లెక్క బుర్రలో తిరుగుతున్నవాడికి ప్రకృతిని చూసి పరవశించడం అంత తేలిగ్గా కుదరదు.

సిక్కింలో యుక్సోమ్ నుంచి గోచాలా దారి పట్టినప్పుడు మా జట్టులో మిగతావాళ్లంతా ఫోన్లవాళ్లు. వేలాడే వంతెనలు, రోడోడెండ్రాన్ పూలు, సామాన్లు మోసే జో పశువులు, అవి వేసిన పేడ, దేన్నీ వదలకుండా వందల్లో తీసేశారు. నేను మాత్రం కెమెరా కంటికి ఆనించడం, "ఇడ్లీ విలువ చెయ్యదు" అనుకుని దించెయ్యడం. హైదరాబాదు కుర్రాడొకడు వంతెన వంతెనకీ నిలబడి, "అన్నా, నాదొకటి తియ్యవా" అనేవాడు. "వెలుతురు బాలేదు తమ్ముడూ" అన్న ఒక్క ముక్కతో ఎన్ని ప్లేట్లు మిగిల్చానో!

పైకి పోయేకొద్దీ కెమెరాకు సేవలు పెరిగాయి. బ్యాటరీలు చలికి నీరసిస్తాయి కనుక రాత్రి వాటి పడక నా స్లీపింగ్ బ్యాగులోనే. ఫిల్ము మరీ సుకుమారి. ఆ పొడి చలిలో ఫిల్మును జరిపే లివరు విసురుగా తిప్పితే స్థిర విద్యుత్తు పుట్టి, ఫిల్ము మీద సన్నటి మెరుపు గీతలు పడతాయి. అందుకని చేతి తొడుగు తీసి, కొంకర్లు పోతున్న బొటనవేలితో మెల్లగా, మహా మెల్లగా తిప్పాలి.

జోంగ్రి టాప్ మీద తెల్లవారుజామున అసలు పరీక్ష. 8,586 మీటర్ల కాంచనజంగ కొసన తొలి ఎండ పడింది. ఫోన్లు టపటపలాడాయి. నాకూ కెమెరాలో వెలుగు కొలిచే మీటరుకూ పేచీ మొదలైంది. లోకంలో ఏదైనా సగటున బూడిద రంగేనని దాని సిద్ధాంతం. మంచును చూపిస్తే నమ్మదు. దాని మాట వింటే తెల్లటి కొండ మాసిపోయి వస్తుంది. అది చెప్పినదానికంటే ఒకటిన్నర, రెండు స్టాపులు వెలుగు ఎక్కువివ్వాలి. అనుమానముంటే ఒకే దృశ్యాన్ని మూడు ఎక్స్‌పోజర్లలో తీయమంటారు పెద్దలు. పెద్దలదేం పోయింది, ఇడ్లీలు నావి.

మబ్బు ముసిరేదాకా ఆ కొండను అందరికంటే ఎక్కువసేపు చూసింది నేనే. భక్తితో కాదు, బేరంతో. 1899లో విటోరియో సెల్లా ఈ కొండ చుట్టూ తిరిగి గాజు ప్లేట్ల మీద ఫోటోలు తీశాడు. ఆయన పనితనానికి ఒక దణ్ణం, ఆ గాజును పగలకుండా కిందికి దింపించినందుకు రెండు దణ్ణాలు.

"అన్నా, కనీసం ఇక్కడైనా నాదొకటి!" కుర్రాడు మళ్లీ వచ్చాడు.

"చూడు తమ్ముడూ, 1953లో హిల్లరీ ఎవరెస్టు శిఖరం మీద టెన్జింగ్‌ను ఫోటో తీశాడు. హిల్లరీ ఫోటో మాత్రం అక్కడ ఒక్కటీ లేదు. అంతటివాడికే లేనిది నీకెందుకు చెప్పు?"

వాడు ఒక్క క్షణం ఆలోచించాడు. "అంటే హిల్లరీ తన రోలులో పక్కవాడి ఫోటో తీశాడన్నమాటేగా అన్నా?"

లా చదువుతున్నాడట.