రెండు బాణాల గోడు

రెండు వంకర బాణాలు, పక్కన ఓ చిన్న మాట: నా ఆకారం అంతే. వాట్సాప్ కబురు నెత్తిన బూడిదరంగులో కూర్చుని, ఇది చాలాసార్లు ఫార్వర్డ్ అయిందని చెప్పడమే నా ఉద్యోగం. ప్రస్తుతం తమిళనాడు ధర్మపురిలో ఒక తెలుగింటి అవ్వ ఫోన్‌లో కాపురం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కబుర్లు రెండింట్లోనూ వచ్చిపడతాయి. పనికి కొదవ లేదు.

నా పుట్టుక వెనక చావులున్నాయి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వీడియోలు ఊరూరా తిరిగాయి. వాటిలో ఒకటి కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. అసలు సంగతి చెప్పే చివరి ముక్క కత్తిరించి వదిలారు. ఆ మే నెలలో మా పొరుగున ఉన్న తిరువణ్ణామలై జిల్లాలో, కులదైవం గుడికని వచ్చిన ఒక పెద్దావిడ దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చింది. అంతే, కొట్టి చంపేశారు. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురు సంచారజాతి మనుషుల్ని అలాగే చంపారు. ఆ జులైలోనే మా అన్న ఒంటి బాణం పుట్టాడు, ఇది పంపినవాడి సొంత మాట కాదని చెప్పడానికి. నేను 2019 ఆగస్టులో వచ్చాను. కబురు మొదటి మనిషిని వదిలి వరసగా ఐదు చేతులు మారితే ఇక నా వంతు.

నా గోడు ఇక్కడే మొదలవుతుంది. కబురులో ఏముందో నాకు తెలియదు. దానికి తాళం ఉంది, పంపినవాడూ అందుకున్నవాడూ తప్ప ఎవరూ చదవలేరు, కంపెనీ కూడా. ఎన్ని చేతులు మారిందన్న లెక్క మాత్రం కబురుతోపాటే ప్రయాణిస్తుంది. ఉత్తరం మీద పోస్టాఫీసు ముద్ర చూసి లోపల రాసింది నిజమా అని అడిగితే అది ఏం చెబుతుంది?

వానాకాలం వస్తే కావేరి మీదున్న హొగెనకల్ జలపాతం వరద వీడియోలు మొదలు. మొన్న ఒకటి రాగానే అవ్వ, "ఇంతమంది పంపినారు గదా, నిజమే అయ్యుంటుంది" అంది. మనవడు నన్ను వేలితో చూపించి, "రెండు బాణాలుంటే అబద్ధం అవ్వా" అన్నాడు. ఇద్దరిదీ పొరపాటే. పాత వరద వీడియో నెత్తినా నేనే ఉంటాను. పరిసల్ అనే బుట్ట పడవలు నడపడం, స్నానాలు ఆపేశామని కలెక్టర్ ఇచ్చిన అసలు ఉత్తర్వు కూడా ఐదు చేతులు మారితే దాని నెత్తినా నేనే. కావేరిలో ఎన్ని క్యూసెక్కులు వస్తున్నాయో తేల్చేది బిలిగుండ్లు దగ్గర కేంద్ర జల సంఘం తీసే లెక్క, నేను కాదు.

నన్ను వదిలించుకోవడమూ తేలికే. స్క్రీన్‌షాట్ తీసి పంపినా, మాటల్ని కాపీ చేసి అతికించినా లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. పదిమంది నోళ్లలో నలిగిన పుకారు అప్పుడే స్నానం చేసి వచ్చినట్టు కనిపిస్తుంది. పుకార్లు పుట్టించేవాళ్లకు ఈ కిటుకు నాకన్నా బాగా తెలుసు.

అలాగని నేను దండగ అనుకోకండి. 2020 ఏప్రిల్ నుంచి నేను కూర్చున్న కబురును ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలరు. దాంతో అలాంటి కబుర్లు 70 శాతం తగ్గాయని కంపెనీయే చెప్పుకుంది. ఒక్క తీర్పూ చెప్పకుండా, ఒట్టి నిదానంతో సాధించిన పని అది. ఆ ఆగస్టులో నా పక్కన భూతద్దం గుర్తు పెట్టి, కబురును నెట్‌లో వెతికి చూసుకునే వీలు కొన్ని దేశాల్లో ఇచ్చారు. ఆ మొదటి జాబితాలో భారతదేశం లేదు. నేను పుట్టడానికి కారణమైన దేశానికి ముందు ఇవ్వాల్సింది. ఎవరైనా అడిగితే ఆ మాటే అంటాను.

అబద్ధమని ముద్ర వేయడానికి వేరే మనుషులున్నారు. తమిళనాడు ప్రభుత్వం 2023లో నిజ నిర్ధారణ విభాగం పెట్టింది, హైదరాబాద్‌లో ఫ్యాక్ట్‌లీ అనే సంస్థ తెలుగులోనే కబుర్లు పరీక్షిస్తుంది. నేను కనిపించినప్పుడు నన్ను తిట్టకండి, నమ్మకండి. వరద కబురైతే కలెక్టర్ ప్రకటన వెతకండి, పిల్లల కబురైతే పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేయండి. రెండూ కుదరకపోతే దయచేసి ఆరో చేతికి పంపకండి.